వెళ్ళిపోయారమ్మా

ఆ ఉదయం గబగబమ్మ గట్టిగా అనుకున్నది ఒక్కటే: నోరు అదుపులో పెట్టుకోవాలి. డాక్టరు చదువు చివరికొచ్చినా, గబగబా ఏదో ఒకటి అనేస్తుందని తోటివాళ్ళిచ్చిన ఆ బిరుదు వదల్లేదు. రోగుల ఇంటివాళ్ళతో ఎలా మాట్లాడాలో నేర్పడానికి ఆస్పత్రివాళ్ళు ఒక కంప్యూటర్ ఆట పెట్టారు. అందులో ఆమె ఇప్పటికే రెండుసార్లు తప్పింది. బొమ్మ రోగి భార్య అలిగి తెర మీంచి లేచిపోయింది కూడా. మధ్యాహ్నం ఆఖరి అవకాశం. మళ్ళీ తప్పితే, ప్రాణంగా కోరుకున్న వార్డు ఉద్యోగం దక్కదు.

అందుకే ఆట చెప్పిన పాఠాలు వల్లించుకుంటూ వార్డులోకి వచ్చింది. పెద్దవాళ్ళను ముందు కూర్చోబెట్టాలి. ఏ సంగతైనా ఒక్కో ముక్కే చెప్పి ఆగాలి. "పోయారు" లాంటి మోటు మాట నోట రాకూడదు.

సరిగ్గా అప్పుడే, మోకాలి నొప్పితో చేరిన పెద్దాయన భార్య ఎదురైంది. "మా ఆయన ఏరమ్మా?"

టీ కొట్టుకు పోయారు. అదే అనబోయి గబగబమ్మ నాలుక కరుచుకుంది.

"ముందు కూర్చోండి పిన్నిగారూ. కాసిని మంచినీళ్ళు తాగండి."

"నీళ్ళెందుకు? ఏమైంది?"

"ఆయన... వెళ్ళిపోయారమ్మా." చెప్పి, ఆగింది.

పెద్దావిడ ముఖం పాలిపోయింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే. నొప్పి అస్సలు లేదు. నవ్వుతూనే వెళ్ళారు."

వార్డు దద్దరిల్లింది. ఏడుపు విని పరిగెత్తుకొచ్చిన నర్సు, సంగతి అర్థమైందనుకుని మంచం మీద దుప్పటి తీసేసింది. అది చూసి పెద్దావిడ గొంతు ఇంకా పెంచింది. "మోకాలి నొప్పి ఇంత పని చేస్తుందనుకోలేదు" అంటూ పక్క మంచాయన ఆవిడ మరిదికి ఫోన్ చేశాడు. మరిది చుట్టాలందరికీ చేశాడు.

"అది కాదు పిన్నిగారూ, టీ..." అంది గబగబమ్మ.

"ఇప్పుడు టీ ఏమిటమ్మా, మనిషివేనా?" అని నలుగురూ కసిరారు.

గోల విని పరీక్ష పెట్టే ప్రొఫెసరుగారు వచ్చారు. తలుపు చాటున ఒక పెద్దాయన చెవి ఒగ్గి నిలబడి ఉన్నాడు.

"ఎవరండీ మీరు?"

"ష్! పోయింది నేనేనండీ. కాసేపు ఆగండి. పెళ్ళయ్యాక మొదటిసారి పొగుడుతోంది."

ఆ గొంతు పెద్దావిడ చెవిన పడింది. మంచినీళ్ళ గ్లాసు గాల్లోకి లేచింది.

అంతా తెలిశాక ప్రొఫెసరుగారు గబగబమ్మ వైపు తిరిగారు. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వార్డు ఉద్యోగం చేజారినట్టే. పెద్దావిడ చటుక్కున అడ్డం వచ్చింది. "ఆ పిల్లనేమీ అనకండి బాబూ. ఎంత మర్యాదగా చెప్పిందని! అనాలంటే చెప్పకుండా పోయిన ఈయన్ని అనండి."

ప్రొఫెసరుగారు చాలాసేపు ఆలోచించి, పరీక్ష లేకుండానే ఆమెను పాస్ చేసి, ఉద్యోగం కూడా ఇచ్చారు. ఎక్స్‌రే గదిలో. అక్కడ రోగులతో "ఊపిరి బిగబట్టండి" అంటే చాలు.