కంచం ఖాళీ అయ్యాక చెప్పే మాట

ఆదివారం పొద్దున తొమ్మిదింటికే ఇన్‌స్పెక్టరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైపోయారు. చెయ్యవలసిన పని చిన్నదే. అమ్మాయి ఇష్టపడ్డ కుర్రాడి తండ్రి నడిపే విదేశీ వంటల హోటలుకి మధ్యాహ్నం వెళ్ళాలి, పెట్టింది తినాలి, ఈ సంబంధం మాకు కుదరదని చెప్పాలి, మూడింటికల్లా ఇంటికొచ్చి ఒక కునుకు తియ్యాలి. ఈ వరస భార్యకి రెండుసార్లు అప్పజెప్పారు. ఆవిడ జడ అల్లుకుంటూ, చెప్పండి, ఎవరు వద్దన్నారు అంది.

కాదనడం ఆయనకి కొత్త కాదు. రోడ్డెక్కే బళ్ళు పనికొస్తాయో రావో తేల్చడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా బ్రేకు మీద కాలేసి తొక్కి, స్టీరింగు అటూ ఇటూ ఊపి చూసి, యజమాని ముఖంలోకి చూస్తూ "పనికిరాదు" అంటూ వచ్చారు. బతిమాలినా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నా రెండో మాట ఉండేది కాదు.

కుర్రాడు మంచివాడే. స్కూల్లో లెక్కలు చెబుతాడు. పేచీ అంతా తిండి దగ్గరే వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారికి ఇంటి వంట తప్ప మరొకటి సహించదు. మూత తీస్తే గాని ఏముందో తెలియని గిన్నె అంటే ఆయనకి అనుమానం, మూత తీశాక కూడా తెలియకపోతే భయం. ఆ హోటలు ముందునుంచి ఒకసారి నడిచి వెళ్ళి, లోపలి వాసనకి రోడ్డు దాటి అవతలి పక్కన నడిచిన మనిషి. ఒక్కగానొక్క కూతురు అలాంటి ఇంట్లో రోజూ ఏం తిని బతుకుతుందన్నది ఆయన బెంగ. అభ్యంతరం అనేవారు గాని, అది బెంగే.

కూతురు ఏడవలేదు, అలగలేదు. "నాన్నా, నువ్వు వద్దంటే నేను చేసుకోను. కానీ ఆ మాట నా చేత చెప్పించకు. వాళ్ళ ఎదుట కూర్చుని, వాళ్ళ ముఖం చూసి నువ్వే చెప్పు" అంది. అంతకంటే న్యాయమైన మాట ఆయనకి తోచలేదు.

అయితే ఆయనకి తండ్రి నేర్పిన పద్ధతులు రెండున్నాయి. కంచంలో మెతుకు మిగల్చకూడదు. కంచంలో తిండి ఉండగా ఎదుటివాళ్ళ మనసు నొచ్చే మాట అనకూడదు. చిన్నప్పుడు రెండిటికీ వీపు విమానం మోత మోగింది కాబట్టి, యాభై ఏడేళ్ళకి కూడా అవి తప్పడం ఆయన వల్ల కాదు. ముందు కంచం ఖాళీ చేసి, తరవాత చెప్పెయ్యాలి. అంతే.

హోటలుకి ఆ పూట సెలవని బోర్డు పెట్టి, ఎనిమిది బల్లల్లో రెండిటిని కలిపి తెల్లగుడ్డ పరిచారు. కుర్రాడి తండ్రి భారీ మనిషి. ఎప్పుడో చిన్నతనంలో వలస వచ్చినవాడు, అందరిలాగే మాట్లాడతాడు, కాకపోతే కాస్త నిదానంగా. వడ్డన తనే చేశాడు. మొదటిది పుల్లటి కూర, దాని పక్కన ఆవిరి మీద ఉడికించిన మూటలేవో ఉన్నాయి. ఇన్‌స్పెక్టరుగారు ఊపిరి బిగబట్టి తిన్నారు. కంచం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆ పెద్దమనిషి కూడా, అన్నగారూ, ఒక్కమాట అనబోయి, ఖాళీ కంచం చూసి ఉలిక్కిపడ్డాడు. గబగబా మళ్ళీ నింపేశాడు.

రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఈయన ఊడ్చినట్టు తినడం, నోరు తెరవడం. ఆయన నోరు తెరవడం, కంచం చూడడం, గరిటె అందుకోవడం. మధ్యలో భార్య చెవి దగ్గరకి వంగి, అంత నచ్చిందా అని విస్తుపోయింది. నోరు నిండుగా ఉండడం వల్ల ఆయన తల అడ్డంగా ఊపబోయారు. గుటక పడక తల నిలువుగా ఊగింది. నాలుగో వడ్డనకి ఆ పులుపులో ఏదో ఉందని ఆయనకి అనిపించింది కూడా, కానీ అది పైకి చెప్పుకునే సమయం కాదు. అయిదో వడ్డనకి బెల్టు ఒక కన్నం వదులైంది. ఆరో వడ్డనకి, ఎదురుగా ఉన్న కూతురి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ పిల్ల తండ్రిని ఎరుగును. తన కోసమే ఇంత కష్టపడి తింటున్నాడనుకుంది.

వంటగది గుమ్మంలోంచి ఇదంతా చూసిన కుర్రాడి నాయనమ్మ ఇక ఆగలేకపోయింది. ఇంత ప్రేమగా తిన్న చుట్టం తన ఎరుకలో లేడంటూ నెమ్మదిగా వచ్చి, వేలి ఉంగరం తీసి అమ్మాయి వేలికి తొడిగింది. అమ్మాయి వంగి ఆమెని వాటేసుకుంది. ఇన్‌స్పెక్టరుగారి చేతిలో చెంచా ఆగిపోయింది. చిత్రమేమంటే, కుర్రాడి తండ్రి చేతిలో గరిటె కూడా ఆగిపోయింది.

ఏడో వడ్డన కూడా ముగించాక, చేతులు కడుక్కునే చోట ఇద్దరు తండ్రులూ ఒంటరిగా మిగిలారు. ఆ భారీ మనిషి తువ్వాలు అందిస్తూ తల దించుకున్నాడు.

"బావగారూ అనాలట, మీ అమ్మాయి చెప్పింది. మీ దగ్గర దాచను బావగారూ. ఈ పెళ్ళి వద్దని చెప్పడానికే మిమ్మల్ని పిలిచాను. మా తిండి ఆ పిల్లకి పడక రోజూ ముఖం చిట్లిస్తే, మా అమ్మ తట్టుకోలేదని భయం. కానీ చుట్టం కంచం ఖాళీగా ఉండగా అలాంటి మాట ఎత్తడం మాలో తప్పు. మీరేమో కంచంలో ఏదీ ఉండనివ్వలేదు."

"మరిప్పుడు?"

"తండ్రి ఏడుసార్లు పెట్టించుకుని తిన్నాక ఇంకా భయమేమిటి? నాకు మనస్ఫూర్తిగా ఇష్టమే. మీరేదో చెప్పబోతున్నట్టున్నారు ఇందాకటినుంచీ."

ఇప్పుడు ఎదుట కంచం లేదు, తిండి లేదు, అడ్డు ఏదీ లేదు. బళ్ళవాళ్ళ ముఖం చూసినట్టే ఇన్‌స్పెక్టరుగారు ఆయన ముఖంలోకి చూశారు. పొమ్మనాలనుకున్న చుట్టానికి కూడా ఏడుసార్లు వడ్డించిన మనిషి ఆయన. కూతురు ఏం తిని బతుకుతుందని కదా తన బెంగ. ఈ ఇంట్లో ఇంకేది తక్కువైనా, పిల్ల ఆకలితో మాత్రం ఉండదు.

"మా అమ్మాయి సిగ్గరి, అడిగి పెట్టించుకోదు. కాస్త చూసి వడ్డించండి బావగారూ" అన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య భోజనానికి లెమ్మంటే, ఆ రోజంతటికీ మొదటిసారిగా, ఆయన వద్దని గట్టిగా చెప్పగలిగారు.