గళ్ల రాయిలో నలభై రెండు పేర్లు

మనిషికి చదువు రావడం వల్ల జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. చదువొచ్చినవాడు ఒక పక్క, రానివాడు ఒక పక్క నిలబడాల్సి వచ్చింది. వేల ఏళ్లుగా సాగుతున్న ఈ అన్యాయాన్ని తుడిచిపెట్టింది ఎవరనుకుంటున్నారు? ఒంటినిండా నల్లగళ్లు నింపుకున్న ఓ చిన్న చదరం. దాని పేరు క్యూఆర్ కోడ్.

దాని ముందు ఎవరు నిలబడ్డా ఒకటే. ఇంజినీరింగు చదివినవాడికీ అది అర్థం కాదు, వేలిముద్ర వేసేవాడికీ అర్థం కాదు. ఇంతటి సమానత్వాన్ని ఏ చట్టం తెచ్చిందో చెప్పండి!

నేను బిలాస్‌పూర్ రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు చేసి హెడ్ క్లర్కుగా రిటైరైనవాణ్ణి. పేరు జగన్నాథం. మామిడిపళ్ల బుట్టల మీదా, గోనె మూటల మీదా, కోడి గెలికినట్టున్న అడ్రసులు చదివి చదివి కళ్లజోడు నంబరు పెంచుకున్నాను. చదవక్కర్లేని రాత ఒకటి వచ్చిందంటే నాకంటే సంతోషించేవాడు ఇంకెవడుంటాడు?

ఊరి శివారు ఉస్లాపూర్‌లో మా ఇంటి గుమ్మానికి నేనూ ఒకటి అతికించాను. మధ్యలో నా ఫొటో, చుట్టూ నీలం చుక్కలు. స్కాన్ చేస్తే నేను రాసిన వ్యాసాలన్నీ వస్తాయి. మూడు నెలల్లో పదకొండు సార్లు స్కాన్ అయింది. అందులో తొమ్మిది సార్లు నేనే, పనిచేస్తోందో లేదోనని. మిగతా రెండు సార్లూ మా పాలవాడు, పాత బాకీ అందులోంచి రాలుతుందేమోనని.

అది చేసిపెట్టింది చిరంజీవి. మా రైల్వే కాలనీ తెలుగు సంఘానికి సెక్రటరీ. నలభై ఏళ్లుంటాయి, లోకో షెడ్‌లో ఉద్యోగం. ఇక్కడే పుట్టి ఇక్కడే హిందీ మీడియంలో చదివాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు. చదవమంటే మాత్రం సిగ్నల్ పడని గూడ్సు బండిలా ప్రతి అక్షరం దగ్గరా ఆగుతాడు. మనిషి బంగారం. డ్యూటీ దిగి ఇంటికెళ్లే ముందు సంఘం హాలుకు రాకుండా ఉండడు.

మామూలు నలుపు తెలుపు కోడ్ అంటే అతనికి చిన్నచూపు. రంగు మార్చాలి, గళ్లను గుండ్రం చెయ్యాలి, మధ్యలో బొమ్మ పెట్టాలి. హాల్లో పులిహోర పంచే చోట ఒకటి పెట్టాడు, రుచికి అయిదు నక్షత్రాల్లో ఎన్నిస్తారో నొక్కమని. నక్షత్రాలు నొక్కేవాళ్ల వెనక లైను పెరిగి, చివరివాళ్లకు పులిహోరే అందలేదు. వాళ్లు కూడా నక్షత్రాలిచ్చారు. గుమ్మం దగ్గర ఇంకొకటి. దాన్ని స్కాన్ చేస్తే ‘పాదరక్షలు ఇక్కడ విడువవలెను’ అని వస్తుంది. ఫోన్ చూసుకుంటూ అందరూ చెప్పులతోనే లోపలికి నడిచేవారు.

ఇలాంటి ప్రగతి నడుస్తున్న రోజుల్లో చిరంజీవి చూపు బోర్డు మీద పడింది.

హాలు వరండాలో ఒక ఇనుపరేకు బోర్డు ఉండేది. నీలం మీద తెల్లటి తెలుగు అక్షరాలు. దాదాపు డెబ్బై ఏళ్ల కిందట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చిన గ్యాంగ్‌మన్లు, ఖలాసీలు డ్యూటీ దిగాక ఇటుకలు మోసి ఈ హాలు కట్టుకున్నారు. ఆ నలభై రెండు మంది పేర్లూ, రైలు పెట్టెలకు నంబర్లు వేసే పెయింటర్ ఒకాయన రాసిపెట్టాడు. సంఘం మినిట్స్ పుస్తకాలు చెదలు తినేశాయి కనుక ఆ పేర్లు ఇంకెక్కడా లేవు. బోర్డు కింది మూల తుప్పు పట్టింది.

కమిటీలో చిరంజీవి లేచి, ఈ బోర్డు ఇప్పటి పిల్లలెవరూ చదవలేరన్నాడు. దాని బదులు నల్లరాయి పెట్టి, దాని మీద క్యూఆర్ కోడ్ చెక్కిద్దామన్నాడు. స్కాన్ చేస్తే మూడు భాషల్లో పేర్లొస్తాయి, కోడ్ మధ్యలో రైలింజను బొమ్మ ఉంటుంది. పిల్లలకు తెలుగు నేర్పితే సరిపోతుంది కదా అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. తెలుగు నేర్పడానికి ఏళ్లు పడుతుంది, రాయి చెక్కడానికి వారం. ఏది సుఖం?

నేనే గట్టిగా బలపరిచాను. పేర్లు సరిచూసే బాధ్యత కూడా నాకే అప్పగించారు. ఎంత శ్రద్ధగా సరిచూశానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

రాయి వచ్చింది. బోర్డు తుక్కులోకి వెళ్లింది.

ఆ వారంలోనే అప్పలనర్సమ్మ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. గ్యాంగ్‌మన్ దాలయ్య కూతురు. చదువు లేదు, ఫోన్ లేదు. ప్రతి మంగళవారం వచ్చి, బోర్డులో పైనుంచి ఆరో వరసలో ఎడమ చివర ఉన్న పేరుకు కుంకుమ బొట్టు పెట్టి వెళ్లేది. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఎత్తుకుని చూపించిన చోటది.

ఆవిడ రాయి ముందు చాలాసేపు నిలబడింది. బోర్డేదని అడిగితే చిరంజీవి వివరించాడు. పేర్లు పోలేదని, ఇందులోనే భద్రంగా ఉన్నాయని, ఇదివరకటి కంటే అందంగా ఉన్నాయని చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. దగ్గరికి వెళ్లి, గళ్లన్నీ వేలితో తడిమింది.

“అలాగేటి. మరి మా అయ్య ఏ గడిలో ఉన్నాడు?”

“ఒక గడి అని కాదు మామ్మా. అందరూ అన్నిటిలోనూ ఉంటారు” అన్నాడు చిరంజీవి.

ఇంతటి వేదాంతం ఆ వరండాలో అంతకుముందెవరూ చెప్పలేదు. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. కాసేపు ఆలోచించి, మధ్యలో ఉన్న రైలింజను మీద బొట్టు పెట్టి వెళ్లిపోయింది. రైల్వే మనిషి గదా, ఇంజను దగ్గరే ఉండుంటాడని కాబోలు.

కుంకుమ పక్క గళ్ల మీదికీ రాలి, కోడ్ స్కాన్ కాలేదు. చిరంజీవి గుడ్డ తడిపి కుంకుమ తుడిచాడు. మళ్లీ మంగళవారం ఆవిడ పెట్టింది, అతను తుడిచాడు. మూడోసారి, ఇక్కడ బొట్టు పెట్టొద్దని మెల్లగా చెప్పాడు. ఆ పై మంగళవారం ఆవిడ రాలేదు. ఇందులోనూ లాభమే చూడండి: వరండా ఊడ్చే పని తగ్గింది.

ఆ ఆదివారమే సంఘం వార్షికోత్సవం. ముఖ్య అతిథి ఉషారాణి గారు. బొగ్గు కంపెనీలో పెద్ద ఉద్యోగం, బదిలీ మీద వచ్చి ఏడాదైంది. ముందుగా ఆవిడ కోడ్ స్కాన్ చేసి, ఆ నలభై రెండు పేర్లూ పైకి చదవాలి. తర్వాత దీపం. అప్పలనర్సమ్మను చిరంజీవి స్వయంగా క్వార్టర్‌కి వెళ్లి బతిమాలి తీసుకొచ్చి మూడో వరసలో కూర్చోబెట్టాడు. వాళ్ల నాన్న పేరు మైకులో వినిపిస్తే ఆవిడ మనసు కుదుటపడుతుందని అతని ఆశ.

ఉషారాణి గారు ఫోన్ రాయికి చూపించారు. మైకు ముందుకు వచ్చి చదివారు.

“మీ ఉచిత గడువు ముగిసింది. కొనసాగాలంటే ప్లాన్ ఎంచుకోండి.”

ఆవిడ ఫోన్‌లోంచి తలెత్తి, “ఇది ఆ పెద్దవాళ్లందరికీ వర్తిస్తుందాండీ?” అని అడిగారు. వెటకారమో నిజంగానే అడిగారో నాకిప్పటికీ తెలియదు.

జరిగిందేమిటంటే, ఆ ముచ్చటైన ఇంజను బొమ్మ కోడ్ ఇచ్చిన కంపెనీ అది నెల రోజుల వరకే ఉచితమని కింద చిన్న అక్షరాల్లో రాసింది. రాతి మీద చెక్కింది ఆ కంపెనీ గేటు దాకా వెళ్లే దారి మాత్రమే. పేర్లు గేటు అవతల ఉన్నాయి. గేటు పడిపోయింది. చిరంజీవి ఆ చిన్న అక్షరాలు చదవలేదు. తప్పు పట్టకండి, అవి ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో ఉంటే మాత్రం చదివేవాడా?

చిరంజీవి స్టేజీ పక్కన నిలబడి ఫోన్‌లో పాస్‌వర్డులు కొడుతున్నాడు. చెమటతో వేళ్లు జారుతున్నాయి. ఎవరో దీపం వెలిగించేద్దామన్నారు. ఉషారాణి గారు ఆగమన్నారు. పేర్లు ఎవరి దగ్గరైనా రాసి ఉన్నాయా అని అడిగారు. సరిచూసినవాణ్ణి నేనే కాబట్టి అందరూ నా వైపు చూశారు. నేను దీపం వైపు చూశాను.

అప్పుడు మూడో వరసలోంచి అప్పలనర్సమ్మ లేచింది.

“పేర్లేనా? నాను సెప్తాను, రాసుకోండి.”

ఆవిడను స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టాం. హాలు కట్టే రోజుల్లో ఆవిడకు పదేళ్లట. నాన్నకు క్యారేజీ పట్టుకొచ్చేదట. పని మొదలుపెట్టే ముందు మేస్త్రి రోజూ హాజరు పిలిచేవాడు, వరసగా నలభై రెండు పేర్లు. అలా ఎనిమిది నెలలు విన్నది. ఆ వరసలోనే మొదలుపెట్టింది. ఎక్కడా తడుముకోలేదు. ఒక్కో పేరూ చెప్పి, ఒక్క క్షణం ఆగేది, ఆ మనిషి పలకడానికన్నట్టు. ఉషారాణి గారు ఆ పేరును మైకులో మళ్లీ చెప్పేవారు. నేను ఆహ్వానపత్రిక వెనక రాస్తున్నాను. ఇరవయ్యో పేరు దాటేసరికి, ఎవరి తాత పేరు వస్తే వాళ్లు కూర్చున్నచోటే లేచి నిలబడడం మొదలైంది. ఎవరూ చెప్పలేదు వాళ్లకి.

ముప్పై ఏడో పేరు దగ్గర ఆవిడ మైకు వైపు కాకుండా నా వైపు తిరిగింది.

“పాయింట్స్‌మన్ సూరయ్య. మీ అయ్యే బాబూ. రాయి.”

రాశాను. లేచి నిలబడాలో కూర్చుని రాయాలో తేల్చుకోలేక, ఆ తర్వాతి పేరు రెండు సార్లు అడిగాను.

రెండు రోజుల తర్వాత చిరంజీవి కంపెనీకి కట్టాల్సింది కట్టి గేటు ఎత్తించాడు. పేజీ తెరిచి నా ఆహ్వానపత్రికతో పోల్చి చూశాం. బంగార్రాజు ‘బంగారు రేటు’ అయ్యాడు. చిన్నారావు ‘చిన్నారి’ అయ్యాడు. అప్పలనర్సమ్మ నాన్న దాలయ్య ‘దేవాలయం’ అయ్యాడు. మొత్తం నలభై ఒకటే ఉన్నాయి. తుప్పు పట్టిన మూలలోని పేరును యంత్రం వదిలేసింది. అది మా నాన్న పేరు.

బోర్డు తీసేసే ముందు చిరంజీవి దాన్ని ఫొటో తీసి, అక్షరాలు గుర్తుపట్టే యాప్‌లో వేసి, వచ్చిన జాబితాను నాకు వాట్సాప్‌లో పంపాడు. సరిచూడమన్నాడు. నేనప్పుడు క్రికెట్ చూస్తున్నాను. ఆఖరి ఓవర్లు. బొటనవేలు బొమ్మ నొక్కి పంపాను. ఫోన్లు నిండిపోయాయని తర్వాత ఆ జాబితానూ ఫొటోనూ ఇద్దరం చెరిపేశాం. అదీ నా శ్రద్ధ.

“బాబాయ్, నాకు తెలుగు రాదు కాబట్టి మీకు పంపాను” అన్నాడు చిరంజీవి, అంతే. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఇప్పుడు చెప్పండి, క్యూఆర్ కోడ్ వరమా కాదా? అదే రేకు బోర్డు మీద మా నాన్న పేరు ఎగరగొట్టి, దాలయ్యను దేవాలయం చేసి ఉంటే, పాలు తేవడానికి వెళ్లేవాడెవడో తెల్లారేసరికి నన్ను పట్టుకునేవాడు. రాయి పుణ్యమా అని దాదాపు నాలుగు వారాలు పరువుగా బతికాను. ఆ రోజుల్లో నలుగురు స్కాన్ చేశారని కంపెనీ లెక్క చూపించింది. నలుగురూ ఇంజను బొమ్మ బాగుందని రాశారు. పేర్లు చదివినవాడు ఒక్కడూ లేడు. మాకు కావలసింది పేర్లు దాచుకోవడం కాదు, చదవాల్సిన పని తప్పించుకోవడం. ఆ సదుపాయాన్ని రాతి మీద చెక్కించుకున్నాం.

ఆ తర్వాత వరండా గోడ మీద పేర్లు రంగుతో రాయించాం. మా పెయింటర్ రాంప్రసాద్‌కి తెలుగు రాదు. నేను సుద్దతో రాస్తే అతను దాని మీద బ్రష్ తిప్పాడు. ‘ఱ’ చూసి ఇదేం బొమ్మ సాబ్ అని అడిగాడు. రెండు రోజులు పట్టింది. అప్పలనర్సమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. అయ్యాక అన్నీ చదివి వినిపించమంది. చదివాను. రోజూ ఆ వరండాలోంచే నడిచిన మనిషిని, అరవై ఆరేళ్లొచ్చాయి. ఆ పేర్లు మొదటి నుంచి చివరి దాకా పైకి చదవడం నాకదే మొదటిసారి. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. ఒక్క చోట ఆపి, నేను మింగేసిన దీర్ఘం సరిచేసింది.

గోడ కింద రెండు అడుగుల చోటు మిగిలింది. ఇప్పటి కమిటీ పేర్లు, అధ్యక్షుడి నుంచి నా దాకా, అక్కడ రాయిద్దామా అని చిరంజీవి అడిగాడు.

ఆ రాయి ఊరికే పడి ఉంది కదా, మన పేర్లు అందులో వేసెయ్యమన్నాను. మనలాంటివాళ్లకు అదే తగిన చోటన్నాను.

అతను అది మెచ్చుకోలనుకున్నాడు. సంతోషంగా ఫోన్ తీసి, చుక్కలకు ఏ రంగు వెయ్యమంటారని అడిగాడు.