ఈమె కూడా మా కోడలే

ఆ సోమవారం పొద్దున వెంకటేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి అబిడ్స్ దగ్గరున్న వీసా ఆఫీసులో కోడలి కాగితాలు ఇవ్వడం, పన్నెండింటికల్లా బయటపడటం, నలుగురూ కలిసి వేడి వేడి జిలేబీ తిని ఇంటికి రావడం. అందులో జిలేబీ ఒక్కటే ఆయన అనుకున్నట్టు జరిగింది. అది కూడా సోమవారం కాదు, గురువారం.

వెంకటేశానికి అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో రబ్బరు స్టాంపుల దుకాణం ఉంది. వకీళ్లు, డాక్టర్లు, హెడ్మాస్టర్లు గుద్దే ముద్రలు ముప్పై ఐదేళ్లుగా ఆయన చేతి మీదుగానే వెళ్తున్నాయి. అందువల్ల లోకంలో కాగితమన్నది తన దుకాణం దయవల్లే నడుస్తోందని ఆయనకు లోలోపల ఒక నమ్మకం. ఇంట్లో ఎవరు ఏ ఫారం తీసినా "కాగితం సంగతి నాకు చెప్తవా" అంటూ లాక్కుంటాడు.

కోడలి పేరు రోసియో కిస్పే. ఊరు లీమా, దేశం పెరూ. నగరం అవతల ఒక విత్తనాల పరిశోధన సంస్థలో పనికని వచ్చి, అక్కడే పనిచేసే వెంకటేశం కొడుకు మహీధర్‌ను పెళ్లి చేసుకుంది. చామనఛాయ, నల్లటి జడ. చీర కట్టుకుని చాదర్‌ఘాట్ బస్సెక్కితే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. ఇప్పుడు ఆమె ఉద్యోగం గడువు తీరింది, దానితోపాటే వీసా కూడా ఈ శుక్రవారంతో తీరిపోతుంది. ఆలోగా దాన్ని భార్య వీసాగా మార్పించుకోకపోతే లీమా వెళ్లిపోయి అక్కణ్ణుంచి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. అది ఎన్ని నెలల పనో ఎవరూ చెప్పలేరు. ఈ మాట తెలిసినప్పటి నుంచి అత్తగారు సౌభాగ్యకు ముద్ద దిగడం లేదు. ఆడపిల్లలు లేని ఆ ఇంట్లో రోసియో రెండు నెలల్లోనే ఆమెకు కూతురైపోయింది. తెలుగు మాట్లాడటం, రాయడం, సర్వపిండికి చిల్లులు పెట్టడం అన్నీ అత్త దగ్గరే నేర్చుకుంది.

ఆ ఇంట్లో తాతల నాటి ఆనవాయితీ ఒకటుంది. కోడలు గడప దాటగానే పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో కొత్త పేరు రాసి, ఆ పేరుతో లోపలికి పిలుస్తారు. సౌభాగ్య 'ఉజ్వల' అని రాసింది. కిస్పే అంటే చుట్టాలకు నోరు తిరగదని శుభలేఖలో కూడా ముందే ఆ పేరు అచ్చు వేయించారు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి జరిగింది పదో తేదీన. పంతులు పెట్టిన ముహూర్తం పద్నాలుగున.

వీసా ఆఫీసువాళ్లు అడిగిన కాగితాలు అడిగినట్టు మహీధర్ ఐదే పెట్టాడు. వెంకటేశం ఆ ఫైలును అరచేతిలో పెట్టి తూచి చూశాడు. ఐదు కాగితాలకు ఎవరైనా వీసా ఇస్తారా, ఫైలుకు బరువుండాలి కదా అనిపించింది. కొడుకు స్నానానికి వెళ్లగానే బీరువా తెరిచి శుభలేఖ, ఫంక్షన్ హాలు రసీదు, తన సొంత పెళ్లి శుభలేఖ, భార్య బడి సర్టిఫికెట్, ఐదేళ్ల కరెంటు బిల్లులు దొరికినవి దొరికినట్టు కూరి, ఎర్రటి నాడా కట్టేశాడు. సౌభాగ్య దానికి పసుపు బొట్టు పెట్టింది.

ఆఫీసులో వాళ్ల ఫైలు చూసే అధికారి ప్రసన్నకుమార్. నెమ్మదైన మనిషి. పాస్‌పోర్టు చూసి బాగుందన్నాడు. పెళ్లి సర్టిఫికెట్ చూసి బాగుందన్నాడు. మహీధర్, రోసియో ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వుకున్నారు. ఇంతలో ఆయన చేతికి శుభలేఖ తగిలింది. ఒకసారి చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఈ ఉజ్వల ఎవరండీ?"

"మా కోడలు సార్" అన్నాడు వెంకటేశం గర్వంగా.

"మరి ఈమె?"

"ఈమె గూడ మా కోడలే."

"మీకు కొడుకులెంతమంది?"

"ఒక్కడే సార్."

ప్రసన్నకుమార్ పెన్ను మూత తీశాడు. పదో తేదీన ఒకామెను రిజిస్టర్ పెళ్లి చేసుకుని, పద్నాలుగున ఇంకొకామెకు తాళి కట్టడం ఏం పద్ధతని మహీధర్‌ను అడిగాడు. మహీధర్ నోరు తెరిచేలోగానే వెంకటేశం అందుకున్నాడు.

"అది మా ఇంటి ఆనవాయితీ సార్. మా నాయిన గట్లనే చేసిండు, నేను గూడ గట్లనే చేసిన."

ఆ 'గట్లనే'లో బియ్యమూ ఉంగరమూ ఉన్నాయని వెంకటేశానికి తెలుసు గానీ ప్రసన్నకుమార్‌కు తెలియదు. ఆయన అంతా రాసుకున్నాడు. తర్వాత మహీధర్ ఎంత చెప్పినా, నోటిమాటలతో తనకు పనిలేదని తేల్చాడు. ఉజ్వల, రోసియో ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తేవాలి, ఇంటికి మనిషి వచ్చి విచారణ చేస్తాడు, గురువారం అందరూ రావాలి అన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి వచ్చిపడింది.

ఆ సాయంత్రం వెంకటేశం కోడలిని కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చాడు. "చూడు బిడ్డా, ఎవలొచ్చి అడిగినా ఒక్క పేరే చెప్పాలె. రెండు పేర్లు చెప్తే లొల్లయితది." రోసియో శ్రద్ధగా తలూపింది. ఆ ఒక్క పేరు ఏదో చెప్పడం మాత్రం ఆయన మరిచిపోయాడు.

మంగళవారం మధ్యాహ్నం కానిస్టేబుల్ భూపాల్ విచారణకు వచ్చేసరికి ఇంట్లో రోసియో ఒక్కతే ఉంది. నేత చీర కట్టుకుని, కొంగు దోపుకుని, మిరపకాయలు ఎండబోస్తోంది. రోసియో అనే ఫారినామె ఉందా అని అతను అడిగాడు. ఆమెకు మామగారి మాట గుర్తొచ్చింది. అత్త పెట్టిన పేరు, అత్తగారి ఇల్లు. ఏ పేరు చెప్పాలో ఆమెకు అనుమానమే రాలేదు.

"నేను ఉజ్వల. మహీధర్ భార్యను. కూసోండ్రి, నీళ్లు తెస్త."

మాటలో కొంచెం తేడా కనిపించి, ఆంధ్ర వైపు పిల్ల కాబోలనుకున్నాడు భూపాల్. చల్లటి నీళ్లు తాగి, ఆమె పెట్టిన నాలుగు సకినాలు తిని, సంతృప్తిగా రిపోర్టు రాసుకుని వెళ్లిపోయాడు.

బుధవారం నలుగురూ నాంపల్లి వెళ్లారు. కోర్టు గేటు ముందు గొడుగుల కింద కూర్చునే నోటరీల్లో ఇంద్రసేన వెంకటేశానికి పాత ఖాతాదారు. పేరు పెట్టింది తానే కాబట్టి అఫిడవిట్ సౌభాగ్య ఇచ్చింది. ఇంద్రసేన అంతా చదివి వినిపించి ముద్ర కోసం చూస్తే అది అరిగిపోయి ఉంది. కొత్తది చేయమని వెంకటేశానికే పురమాయించాడు. ఆ మాట వినగానే వెంకటేశం సంచీలోంచి దాన్ని బయటికి తీశాడు, అదే పొద్దున తయారైందట. ఇంద్రసేన మొదటి గుద్దు ఆ అఫిడవిట్ మీదే గుద్దాడు. ముద్ర నిగనిగలాడింది. శుభసూచకమని సౌభాగ్య కళ్లకద్దుకుంటే ఆమె రెప్పలు కూడా కొంచెం ఊదారంగుకు తిరిగాయి.

గురువారం ప్రసన్నకుమార్ అఫిడవిట్ చేతిలోకి తీసుకోగానే ఆయన బొటనవేలికి సిరా అంటింది. ఆయన వేలు చూసుకున్నాడు, ముద్ర చూశాడు.

"ఈ ముద్ర ఎక్కడిదండీ?"

ఇక్కడ నోరు మూసుకోవాలని ఎవరికైనా తడుతుంది. కానీ ముప్పై ఐదేళ్ల పనితనాన్ని ఎవరో మొదటిసారి మెచ్చుకుంటున్నారనుకున్నాడు వెంకటేశం.

"నేనే చేసిన సార్. నిన్న పొద్దున. అక్షరాలు జూడుండ్రి, ఎంత సాఫ్‌గ వచ్చినయో."

మహీధర్ కళ్లు మూసుకున్నాడు. ప్రసన్నకుమార్ భూపాల్ రిపోర్టు తీసి చదివాడు. రోసియో అనే విదేశీ మహిళ సదరు ఇంట్లో లేదు. మహీధర్ భార్య ఉజ్వల అత్తమామలతో సఖ్యంగా కాపురం చేస్తున్నది. ఇంతే ఉంది అందులో. అంటే, కాగితాల్లో ఉన్న భార్య ఇంట్లో లేదు, ఇంట్లో ఉన్న భార్య కాగితాల్లో లేదు, ఇద్దరూ ఒకరేనన్న ముద్ర మామగారు స్వయంగా తయారుచేశారు. రేపు శుక్రవారం. ఈ ఫైలు మీద తాను సంతకం ఎలా పెట్టాలో చెప్పమని ఆయన మర్యాదగానే అడిగాడు.

సౌభాగ్య కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. రోసియోకు ఏడుపొచ్చింది. కానీ ఏడవలేదు, లేచి నిలబడింది.

"సార్, జర ఇనుండ్రి. అత్తమ్మ పళ్లెంల బియ్యం పోసింది. ఉంగురంతోని పేరు రాసింది. లీమాల నేను రోసియో. ఈ ఇంట్ల ఉజ్వల. మనిషిని ఒక్కదాన్నే సార్."

తనకంటే చక్కటి తెలంగాణ తెలుగు విని ప్రసన్నకుమార్ కుర్చీలో ముందుకు జరిగాడు. రిపోర్టుల కట్టతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్న భూపాల్‌ను పిలిచి, ఆ ఉజ్వలను కళ్లతో చూశావా అని అడిగాడు.

"చూసిన సార్. సకినాలు గూడ పెట్టింది."

"ఎలా ఉంటుంది?"

భూపాల్ ఉదాహరణ కోసం గదంతా కలియజూశాడు. "గీమె తీర్గ ఉంటది సార్" అని, ఒక్క క్షణం ఆగి, "గీమెనే" అన్నాడు.

ప్రసన్నకుమార్‌కు నవ్వు ఆగలేదు. అయితే కోడళ్ల పేర్లు మార్చడం ఈ ఇంట్లో నిజంగానే ఉందా అని అడిగితే సౌభాగ్య ముందుకొచ్చింది. "నన్ను గూడ మార్చిన్రు సార్. నా అసలు పేరు యాదవ్వ." వెంకటేశం ఎర్ర నాడా విప్పి, కరెంటు బిల్లుల కిందనుంచి భార్య బడి సర్టిఫికెట్, తమ పెళ్లి శుభలేఖ తీశాడు. ఒకదాంట్లో యాదవ్వ, ఒకదాంట్లో సౌభాగ్య. నాలుగు రోజుల్లో ఆ ఫైలు బరువు పనికొచ్చింది ఆ ఒక్కసారే. నోటరీకి ఫోన్ చేసి కనుక్కుంటే ముద్ర గొడవ కూడా తీరిపోయింది.

సంతకం పెట్టేశాక ప్రసన్నకుమార్ చెప్పాడు. "నిజానికి ఇవేవీ అక్కర్లేదండీ. పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ ఉంటే చాలు. ఆ శుభలేఖ పెట్టకపోయుంటే సోమవారమే అయిపోయేది." అందరూ వెంకటేశం వైపు చూశారు. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు.

రోసియో మాత్రం అవేవీ వినడం లేదు. మెట్ల మీదే అత్తను చుట్టేసుకుని, తన భాషలో ఏదో అరుస్తూ గిరగిరా తిప్పేసింది. సౌభాగ్య ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఆమెకు ఆ భాష ఒక్క ముక్క రాకపోయినా అంతా అర్థమైంది. జిలేబీ దుకాణం ముందు వెంకటేశం ఎవరూ అడగకుండానే కిలో చెప్పాడు. లీమాలో వియ్యపురాలికి వీడియో కాల్ చేసి ఆ జిలేబీ కూడా చూపించారు. డిసెంబరులో వాళ్లు అక్కడ చేయబోయే విందుకు సౌభాగ్య తప్పకుండా వస్తుందని, మొదటిసారి విమానం ఎక్కుతుందని, పాస్‌పోర్టుకు రేపే దరఖాస్తు పెడతామని రోసియో ఆనందంగా చెప్పేసింది.

పాస్‌పోర్టు అనేసరికి మహీధర్ చేతిలో జిలేబీ ఆగిపోయింది. తల్లి కార్డులన్నీ అక్కడే తీయించి చూశాడు. ఆధార్‌లో సౌభాగ్య. పాన్ కార్డులో యాదవ్వ. బ్యాంకు పుస్తకంలో యాదవ్వ సౌభాగ్య. పెరూ నుంచి వచ్చిన కోడలి పెళ్లికి ప్రభుత్వం గుద్దిన సర్టిఫికెట్ ఉంది. చాదర్‌ఘాట్‌లో నలభై ఏళ్లు కాపురం చేసిన అత్తగారు ఎవరి భార్యో చెప్పే ప్రభుత్వ కాగితం ఒక్కటీ లేదు.

"కాగితం సంగతి..." అనబోయి వెంకటేశం జిలేబీ నోట్లో పెట్టుకున్నాడు.

నలుగురూ అట్నుంచి అటే నాంపల్లి వెళ్లారు. యాదవ్వ, సౌభాగ్య ఇద్దరూ ఒకరేనని ఇంద్రసేన అఫిడవిట్ టైపు చేయించి, ఇంటి మనిషి ఒకరు సాక్షి సంతకం చేయాలన్నాడు. మహీధర్ పెన్ను తీసేలోగా రోసియో లాక్కుంది. తన కోసం అత్త ఒట్టేసి చెప్పింది, ఇప్పుడు అత్త కోసం తాను చెప్పాలి. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, అత్త బియ్యంలో రాసి చూపించిన ఆ గుండ్రటి అక్షరాలను ఎంతో ప్రేమగా, వంకర పోకుండా రాసింది.

'ఉజ్వల.'

ఇంద్రసేన ఆ సంతకం చూసి, ఇంకో బాండు పేపరు తీశాడు.