ఆరు మాస్కులు, కొన్ని తుమ్ములు

ఆ ఆదివారం పొద్దున పెద్దమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, వరసగా రెండుసార్లు తుమ్మి, సాయంత్రం బండికి ఊరెళ్లిపోతున్నానని చెప్పింది.

పెళ్లికొచ్చిన చుట్టాలంతా ఎప్పుడో వెళ్లిపోయారు. పెళ్లికొడుకు పెద్దమ్మ మాత్రం కొత్త సంసారం నిలదొక్కుకునేదాకా తోడుంటానని, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పడకగదిలో తన పెట్టె పెట్టుకుంది. నిలదొక్కుకోవాల్సిన ఇద్దరూ హాల్లో, చెప్పుల స్టాండు పక్కన చాప వేసుకుని పడుకుంటున్నారు. లోపల గది తలుపు కిర్రుమంటే చాలు, చెరో గోడవైపు దొర్లిపోతున్నారు.

"అప్పుడేనా అత్తయ్యా? ఇంకో నాలుగు రోజులుండి వెళ్లచ్చుగా" అంది కొత్తకోడలు మర్యాదకి. మొగుడు బల్ల కింద నుంచి ఆమె కాలు తొక్కాడు. "అంటే, మీ ఇష్టం అనుకోండి" అని సర్దుకుంది.

"పెద్దమ్మ ఒకసారి అనుకున్నాక ఆగదు. మనం అడ్డుపడకూడదు" అన్నాడతను, చేతనైనంత దిగులుగా.

ఇద్దరూ వంటింట్లోకి వెళ్లి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడు చాటున నవ్వుకున్నారు. పెళ్లికి స్నేహితురాళ్లిచ్చిన రెండు దిళ్ల గలేబులు ఇంతవరకూ కవరులోంచి బయటికి రాలేదు. వాటిని ఈ రాత్రికి పడకగదిలో వేయాలని ఆమె అక్కడికక్కడే తీర్మానించింది. అంత సంతోషంలో ఏ పనైనా ముద్దుగానే ఉంటుంది. ఆ రోజు దొరికిన పని మాస్కులు కడగడం.

అతను వడ్రంగి. చెక్కని మిషనుతో రుద్ది నునుపు చేయడం అతని పని. పొట్టు పిండిలా లేస్తుంది కాబట్టి షెడ్డులో అందరికీ రబ్బరు మాస్కులున్నాయి. అక్కడే కడిగితే ఆరేలోపు మళ్లీ దుమ్ము పట్టేస్తాయని, సెలవు రోజున ఒక్కొక్కరు వంతుల వారీగా ఇంటికి తెచ్చి కడుగుతారు. ఈ వారం వంతు అతనిది.

ముందు అతను తన మాస్కు పెట్టుకుని, ఆమె ముక్కుకి రుమాలు కట్టి, ఇద్దరూ వరండాలో పనిబట్టలు దులిపారు. పడకగదిలోంచి నాలుగు తుమ్ములు వినిపించాయి. తర్వాత మాస్కులన్నీ విప్పారు. ఫిల్టర్లకి నీళ్లు తగిలితే పనికిరావని అతను వాటిని వేరే డబ్బాలో పెట్టాడు.

"మరి వీటి మురికి ఎప్పుడు పోతుంది?" అని అడిగిందామె.

"పోదు. ఊపిరి పీల్చడం బరువుగా అనిపించిందంటే ఫిల్టరు నిండిపోయినట్టు. తీసి కొత్తది వేసుకోవడమే."

గోరువెచ్చని సబ్బునీళ్లలో ఆమె ఒక్కో మాస్కునీ పసిపిల్ల మొహం కడిగినట్టు కడిగింది. ఒకరి మాస్కు ఇంకొకరు పెట్టుకోకూడదంటే, కలిసిపోకుండా తన గోళ్ల రంగుతో పట్టీల మీద గుర్తులు కూడా పెట్టింది. మేస్త్రీ మాస్కుకి మీసం గీసింది. ఎండలో వేస్తే రబ్బరు పాడవుతుంది. మండువేసవిలో ఆ ఇంటికి నీడ ఉన్నది ముందు వరండాలోనే. అక్కడ తీగ కట్టి, ఆరు మాస్కులూ వీధివైపు చూసేలా వరసగా తగిలించారు.

ఎదురింటి రిటైర్డు హెడ్‌క్లర్కు ఇదంతా పేపరు పైనుంచి చూశాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన దేన్నీ సగంలో వదల్లేదు. ముక్కులు మూసుకున్న మొగుడూ పెళ్లాం, లోపల ఆగకుండా తుమ్ములు, ముగ్గురున్న కొంపలో ఆరు మాస్కులు. ఆయన పేపరు మడిచి ఇంటి ఓనరుకి ఫోన్ చేశాడు. ఓనరు ఇంకొకరికి చేశాడు. వీధి మలుపు తిరిగేసరికి తుమ్ము కాస్తా జ్వరమైంది. పక్క వీధికి చేరేసరికి ఆ జ్వరానికి ఒక పేరు కూడా కుదిరింది.

ఇంట్లో వాళ్లకి ఇదేమీ తెలియదు. మధ్యాహ్నం పాలవాడు గేటు దాకా రాకుండా ప్యాకెట్టు విసిరేసి పోతే, పాపం ఏదో తొందరలో ఉన్నాడనుకున్నారు. సాయంత్రం పిలిచిన టాక్సీ మలుపు దాకా వచ్చి, హెడ్‌క్లర్కు చెయ్యడ్డం పెట్టి రెండు ముక్కలు చెప్పగానే వెనక్కి తిరిగి పారిపోయింది. రెండో టాక్సీ ఫోనే ఎత్తలేదు. పెద్దమ్మ పెట్టె గుమ్మంలోనే ఉంది. కొత్తకోడలు గడియారం వంకా మొగుడి వంకా మార్చి మార్చి చూస్తోంది.

"అవసరమైతే పెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషనుకి నడిచేస్తాను" అన్నాడతను మెల్లగా.

"నేను అత్తయ్యని ఎత్తుకుంటాను" అందామె.

అప్పుడే ఆరోగ్యశాఖ ఆవిడ వచ్చి గేటు బయటే నిలబడింది. ఆవిడ వెనక హెడ్‌క్లర్కు, ఆయన వెనక సగం వీధి. తుమ్ముతున్న మనిషిని పరీక్ష చేసేదాకా ఇంట్లోంచి ఎవరూ కదలడానికి లేదంది. ఏదన్నా తేలితే రెండు వారాలు అందరూ ఇంట్లోనే.

రెండు వారాలనగానే కొత్తకోడలు మొగుణ్ని మోచేత్తో పొడిచింది. వడ్రంగి నోరు విప్పి చెక్కపొట్టు గురించీ, వంతుల గురించీ చెప్పుకొచ్చాడు. ఆవిడ అంతా ఓపిగ్గా విని, ముందు ఆ పెద్దావిడ ముక్కుకి ఏదన్నా పెడితేగాని లోపలికి రానంది. షెడ్డులో కొత్తగా ఎవరైనా చేరితే ఇవ్వడానికి ఉంచిన మాస్కొకటి డబ్బాలో ఉంది. దానికి ఫిల్టరు బిగించి, పట్టీలు సరిచేసి, అతనే పెద్దమ్మ మొహానికి తొడిగాడు.

పరీక్ష చాలాసేపు సాగింది. జ్వరం లేదు. గొంతు బాగుంది. మాస్కు పెట్టాక ఒక్క తుమ్ము కూడా రాలేదు. ఆరోగ్యశాఖ ఆవిడ వరండాలో ఉన్న పనిచొక్కాని వేలితో తట్టి, లేచిన పొట్టు చూసి, తనూ ఒక తుమ్ము తుమ్మింది. ఇది రోగం కాదు, చెక్కదుమ్ము పడకపోవడం అని వీధికంతా వినిపించేలా చెప్పి వెళ్లిపోయింది.

హెడ్‌క్లర్కు మొహం చిన్నబోయింది. పరిహారంగా తన కారే తీసుకొచ్చి గేటు ముందు ఆపి, బండికి ఇంకా టైముంది, నేను దింపుతానన్నాడు. కొత్తకోడలికి ఆయన దేవుడిలా కనిపించాడు. వడ్రంగి ఒక్క ఉదుటున పెట్టె తీసుకెళ్లి డిక్కీలో పెట్టేశాడు.

పెద్దమ్మ మాత్రం గుమ్మం దాటలేదు. మాస్కులోంచి నిండుగా ఒక ఊపిరి పీల్చింది. వదిలింది. మళ్లీ పీల్చింది.

"ఒరేయ్, పెట్టె దింపు."

"బండి తప్పిపోతుంది పెద్దమ్మా."

"పోనీ. నీ బట్టల దుమ్ముకి తుమ్మలేక చస్తున్నాననే కదరా బయల్దేరింది? చెబితే అమ్మాయి చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను. పొద్దున అది ఉండమని ఎంత బతిమాలింది! ఇంత మంచి వస్తువు ఇంట్లో పెట్టుకుని ముందే చెప్పరేం?"

వడ్రంగి డిక్కీ మళ్లీ తెరిచాడు. పెట్టె డిక్కీలోంచి వరండాలోకి, వరండాలోంచి పడకగదిలోకి వెళ్లింది. హెడ్‌క్లర్కు, పెద్దావిడని అంత బాగా చూసుకుంటున్నారని ఇద్దర్నీ మెచ్చుకుని, కారు వెనక్కి తిప్పుకున్నాడు.

పెద్దమ్మ మంచం మీద కూర్చుని, తన మాస్కు పట్టీ మీద కూడా గోళ్ల రంగుతో ఏదైనా గుర్తు పెట్టమని కోడలి వైపు తల వంచింది. ఒక పువ్వయితే బాగుంటుందంది.

"రేపు పొద్దున్నే మావాడికి ఫోన్ చేసి, నా చలికాలం బట్టలు పార్సిల్ చేయమంటాను" అంది తృప్తిగా.

కొత్తకోడలికి ఊపిరి పీల్చడం బరువుగా అనిపించింది. ఆమె మాస్కు పెట్టుకుని లేదు.