రైల్వే గేటు వద్ద పాదప్రతిష్ఠ

తపతీనదికి దక్షిణముగా, అసంఖ్యాకయంత్రఘోషబధిరీకృతదిగంతరాళమై, నిద్రించువారికి సైతము నిద్రలో మగ్గపు టకటక వినిపించు సూరతు మహానగరమున, డిండోలి యను పేటలో, రెండువేల ఆరవ సంవత్సరపు మార్గశిరమాసమున, తెల్లవారి చన్నీళ్లు పోసుకొనుటకు జనులు వెనుకాడు రోజులలో, ఒక వీరుని పాదము నేలను తాకిన వృత్తాంతమును చెప్పుచున్నాను. తొందరపడక వినుడు. పాదము చిన్నది. కథయు అంతే.

ఆ వీరుడు బుచ్చిరాములు. కరీంనగరము వైపు పల్లె విడిచి వచ్చి పదునొకండేండ్లుగా మరమగ్గములపై చీరగుడ్డ నేయుచున్నవాడు. అష్టమగ్గైకపాలకుడు, ఛిన్నతంతుసంధానధురంధరుడు, ఐదడుగుల ఒక్క అంగుళము ఎత్తువాడు. అతని వాహనము ఇరువదినాలుగంగుళముల చట్రముగల నల్లని సైకిలు. కొన్ననాడు అంగడిలో పెద్దదానికిని చిన్నదానికిని ధర ఒకటేయని తెలిసెను. ఒకే ధరకు పొడుగుగుడ్డ దొరకుచుండగా పొట్టిగుడ్డ చించుకొను నేతగాడు ఈ భూమిపై లేడు గనుక, బుచ్చిరాములు ఇనుము ఎక్కువున్న దానినే కొనెను.

నాటినుండి ఆ కృష్ణలోహగజరాజము అతనిని మోసెను గాని దింపలేదు. సీటుపై కూర్చున్నచో అతని కాలివ్రేళ్లు నేలకు జానెడెత్తున గాలిలో వ్రేలాడును. కావున అతడు ఇంటినుండి కార్ఖానా వరకు కాలు మోపదగిన ప్రతి రాతిని ఎరిగియుండెను: పాన్‌డబ్బా ముందరి సిమెంటు దిమ్మె, మందులంగడి మెట్టు, విరిగిన మైలురాయి. వాటి నడుమ ఎవరు పిలిచినను అతడు ఆగడు, ఆగలేడు. "రాయి కాడ మాట్లాడుత!" అని కేకవేయుచు పోవును.

మూడేండ్ల క్రిందట ఆ గజరాజముపై వెనుక అతని భార్య భాగీరథి కూర్చుండగా, రైల్వే గేటు వద్ద, రాయి యన్నది లేనిచోట, ఒక బర్రె అడ్డము నిలిచెను. బర్రె కదలలేదు. సైకిలు బర్రెను తాకి నిలిచెను. నిలువనివారు ఆలుమగలిద్దరే. భాగీరథి మోచేతి దుమ్ము దులుపుకొని అచటనే ప్రతిజ్ఞ చేసెను:

"ఇగ నీ బండెక్క. నడిసి పోత. నడవరాకుంటే ఇంట్ల కూసుంట."

అప్పటినుండి బజారునకు ఆమె నడిచిపోవును. అతడు ప్రక్కన మెల్లగా తొక్కబోయి, తూలి, ముందుకు పోయి, రాతికడ కాలుమోపి ఆమె వచ్చువరకు చూచును. ఆమె రాగానే మరల ముందుకు పోవును. వారి కాపురము మూడేండ్లు రాయికీ రాయికీ నడుమ సాగెను.

ఇట్లుండ ఒక సాయంకాలము భాగీరథి జొన్నరొట్టె చేయుచు, పెనము మీదినుండి చూపు మరల్పక ఇట్లనెను:

"పదకొండేండ్లాయె సూరత్ వచ్చి. ఇరవై కిలోమీటర్ల దూరంల సముద్రమున్నదంటరు, నేనైతే సూడలే. వచ్చే ఐతారం మన పక్కింటి ఊర్మిళోళ్లు ఆ డూమస్ ఒడ్డుకు పోతున్నరు. ఆటోల ఒక్క జాగ ఉన్నదట."

"ఆటో ఎందుకే? నేను లేనా?"

"నువ్వున్నవు. కింద దాక కాళ్లే లేవు."

బాణము తగిలినవాడు బాణము వంక చూడడు. బుచ్చిరాములు రొట్టె వంక చూచెను. మరునాడు సీటు ఇంకను దింపించవచ్చునేమో యని సైకిలు నడిపించుకొనుచు మగన్‌భాయి సైకిళ్ల అంగడికి పోయెను. భాగీరథియు వెంట నడిచెను.

మగన్‌భాయి మాటలు తక్కువ, పానాలు ఎక్కువ గలవాడు. వీరుని కాళ్లు ఒకసారి, సైకిలు ఒకసారి చూచి, లోపలినుండి వేరొకటి తెచ్చి నిలిపెను. చట్రము పొట్టిది, బరువు తేలికది; మూడు గేర్లు, గట్టి క్యారియరు, డైనమో దీపము. దూరము పోవువారు హాయిగా తొక్కునట్టిది.

"పురానా దేదో, యే లేజావ్," అని పాతదానికి బదులు దీనిని చూపెను.

అంతట బుచ్చిరాములు అంగడి అదరునట్లు పలికెను:

"ఏంది భాయ్! నాలుగు తాన్ల గుడ్డ ఎనుక కట్టుకొని, సచిన్ ఊరి దాక ఎదురుగాలిల తొక్కిన బండి ఇది! గింత ఎత్తు బండి మా సేటుకు గూడ లేదు! గిసోంటి ఏనుగునిచ్చి మ్యాకపిల్లను తోలుకపోవాల్నా? పెద్దదిచ్చి చిన్నది తెచ్చుకున్నడని కార్ఖానంత నవ్వదా?"

మగన్‌భాయి పాన్ నమలుచుండెను. బదులు భాగీరథి చెప్పెను, మెల్లగా:

"మగ్గం కాడ నీకు అందకుంటే ఏం జేస్తవు?"

"పీట ఏసుకుంట."

"ఏసుకుంటవు. తొవ్వ పొడుగునా ఎవలేస్తరయ్యా నీకు పీటలు? చెప్పులు గూడ ధర ఒక్కటే గదా, పదో నంబరువి తెచ్చుకోకపోయినవా?"

పదునొకండేండ్లుగా పీటపై నిలిచి నేసిన ఆ మహావీరుడు పాతసైకిలును గోడకు చేర్చెను. పిదప క్రొత్తసైకిలు సీటు ఒకసారి తడిమి, క్రిందికి చూడక, పైనున్న ట్యూబుల వంక చూచుచు, "ఇయ్యి" అనెను.

ఆదివారము ఉదయము భాగీరథి కొంగు దోపుకొని, పల్లీల పొట్లము పట్టుకొని, క్యారియరుపై కూర్చుండుటకు ముందు నియమము విధించెను: "గేటు దాకనే. ఆడ నన్ను పడగొట్టకుండ ఆగితివా, సముద్రం దాక నీ ఎనుకనే. లేకుంటే ఊర్మిళోళ్ల ఆటో ఆడనే ఉంటది."

అతడు తొక్కెను. దిమ్మె దాటెను, మెట్టు దాటెను, మైలురాయి దాటెను. ఎదుట రక్తశ్వేతపట్టికాలంకృతమైన లోహార్గళము దిగుచుండెను. టెంపోలు, ఆటోలు, గుడ్డమూటల బండ్లు గుంపుగా నిలిచియుండెను. ప్రక్కసైకిలుపై నిలిచినవాడు అదే కార్ఖానాలో పనిచేయు దేవదాసు.

"ఏంది రాములన్నా! బడిపోరల బండెక్కినవు?"

బుచ్చిరాములు తొక్కుట మానెను. భాగీరథి దూకుటకు కుచ్చెళ్లు కూడదీసుకొనెను. అంతట అతడు రెండు బ్రేకులు నొక్కి, ఊపిరి బిగబట్టి, రాయి లేదు, అరుగు లేదు, మెట్టు లేదు అని ఎరిగియు, మూడేండ్ల నాటి బర్రెను తలచుకొనియు, ఎడమకాలిని ఆ మహాశూన్యములోనికి దింపెను. శూన్యము మూడంగుళములకే ముగిసెను. అడుగున భూమి యున్నది.

"జర కిందికి సూడు, దేవదాసూ," అనెను.

దేవదాసు చూచెను. పాతచెప్పు ఒకటి, తారుమీద, చదునుగా నుండెను.

ఆటోలోనుండి ఊర్మిళ తల బయటపెట్టి, "రా అక్కా! జాగ ఉన్నది!" అని పిలిచెను.

భాగీరథి కుచ్చెళ్లు వదలెను. పొట్లము విప్పెను. "మీరు పోండ్రి. నాకీడ మంచిగున్నది," అని ఒక పల్లీ నోట వేసికొని, రెండవది ముందుకు చాచెను.

సముద్రమును వారు పదిగంటలకు చూచిరి. అది ఉన్నచోటనే యుండెను. దాని సంగతి చెప్పువారు పెక్కుమంది గలరు. నేను చాటవలసినది ఇంతే: నాడు ఆ గేటు వద్ద యాబదియెనిమిది పెట్టెల గూడ్సుబండి పోవునంతసేపు, ఏ రాతి సాయమును లేక, బుచ్చిరాములు నిలిచెను. భాగీరథి దిగలేదు.