పన్నెండో శిలాఫలకం

ఇంట్లో ఐదుగురు మనుషులుండి స్నానాలగది ఒక్కటే ఉంటే, అందులోకి అందరికంటే చివర వెళ్లేవాణ్ణి ఇంటి యజమాని అంటారు. ఈ సంగతి మునిసిపల్ ఆఫీసు స్టోర్సు గుమాస్తాగారికి పద్దెనిమిదేళ్లుగా, అంటే ఆ ఇల్లు కట్టిన రోజు నుంచీ తెలుసు. పొద్దున్నే ఆరింటికి భుజాన తువ్వాలు వేసుకుని ఆయన వరండాలో నిలబడతాడు. ముందు అత్తగారు. పెద్దావిడ, కాదనలేం. తరవాత కాలేజీకి వెళ్లే కూతురు. చదువుకునే పిల్ల, తొందరపెట్టలేం. తరవాత భార్య. ఆవిడ గురించి అసలేమీ అనలేం. ఆ తరవాత బావమరిది. అతనికి ఉద్యోగం లేదు, ఫలానా టైముకి వెళ్లాల్సిన చోటూ లేదు. అందుకని నలభై నిమిషాలు తీరిగ్గా పాడుకుంటూ స్నానం చేస్తాడు.

"ఏమోయ్, ఇంకెంతసేపు?" అని గుమాస్తా తలుపు కొడతాడు.

"సగంలో ఉన్నా బావా!"

ఆ సగానికి ఇటు ఇరవై నిమిషాలు, అటు ఇరవై నిమిషాలు. గుమాస్తా రోజూ ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లి చీవాట్లు తినేవాడు. చివరికి కడుపు కట్టుకుని నాలుగు రాళ్లు వెనకేసి, పెరట్లో రెండో స్నానాలగది కట్టిద్దామని మేస్త్రిని మాట్లాడుకున్నాడు. వచ్చే సోమవారం పునాది తీద్దామన్నాడు మేస్త్రి.

సరిగ్గా ఆ వారమే మంత్రిగారు పత్రికలవాళ్లని పిలిచి చరిత్రాత్మకమైన ప్రకటన చేశారు.

"ఈ పట్టణంలో ప్రతి రాయీ చరిత్ర చెబుతోంది. వినే నాథుడు లేక ఇన్నాళ్లూ ఊరుకుంది. ఇక ఊరుకోదు. మేమూ ఊరుకోం!"

చిన్న జిల్లా కేంద్రమే అయినా ఊళ్లో నిజంగానే పదకొండు పాత కట్టడాలున్నాయి. రెండు వందల ఏళ్లనాటి కోర్టు, గడియార స్తంభం, పాత జైలు, గుర్రాలు నీళ్లు తాగే రాతి తొట్టి, ముక్కు ఊడిపోయి దూరంగా ఎటో వేలు చూపిస్తూ నిలబడ్డ ఒక మహానుభావుడి విగ్రహం, ఇంకా అలాంటివి. వాటన్నిటికీ శిలాఫలకాలు పెట్టాలని తీర్మానమైంది. ఫలకం మీద 'చారిత్రక కట్టడం' అని బెత్తెడు అక్షరాల్లోనూ, మంత్రిగారి పేరు మూరెడు అక్షరాల్లోనూ చెక్కించారు. ఏ కట్టడమో మాత్రం రాయించలేదు. ఎక్కడ పెట్టినా పనికొచ్చేటట్టు ఉండాలన్నది కమిషనరుగారి ముందుచూపు. అంత ముందుచూపు గల అధికారి ఈ జిల్లాకి దొరకడం మన అదృష్టం.

రాయి చెక్కేవాడు దారిలో ఒకటి విరిగినా ఉంటుందని పన్నెండు పంపాడు. ఏదీ విరగలేదు. రిజిస్టరులో ఉన్నది పదకొండు. స్టోర్సులో సరుకు తగ్గితే ఒక మెమో వస్తుంది. పెరిగితే రెండొస్తాయి. గుమాస్తా ఆలోచించి, కాగితం మీద లేని రాయి స్టోర్సులో మాత్రం ఎందుకని, దాన్ని తోపుడు బండి మీద ఇంటికి తోలించాడు.

భార్య రాయిని వెనక్కి తిప్పి చేత్తో తడిమింది.

"ఏమండీ, వెనకవైపు ఎంత నున్నగా ఉందో! కొత్త స్నానాలగదిలో బట్టలుతుక్కోడానికి అచ్చం సరిపోతుంది."

"అందుకేగా తెచ్చింది. మేస్త్రి వచ్చేదాకా ఎవరి కంటా పడకుండా చూడు."

ఆవిడ దాన్ని గేటు పక్క గోడకి ఆనించి, పాత ఎర్ర కర్టెను ఒకటి తెచ్చి శుభ్రంగా కప్పేసింది.

శుక్రవారం మంత్రిగారు వచ్చి పదకొండు ఫలకాల మీది తెరలూ లాగేశారు. పనైపోయింది. గెస్టుహౌసుకి పోతూ కార్లు గుమాస్తా వాళ్ల వీధి మీదుగా వెళ్తున్నాయి. గోడకి ఎర్ర తెర కనబడింది. పొద్దుట్నించీ లాగీ లాగీ చెయ్యి అలవాటు పడిపోయిన మనిషి. కారు ఆపించి దిగారు. లాగారు. వెనక వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఏమయ్యా కమిషనరూ, పదకొండే అన్నావు?"

"పన్నెండోది సార్. మీకు సర్‌ప్రైజుగా ఉంటుందని చెప్పలేదు," అన్నారు కమిషనరుగారు రెప్ప వెయ్యకుండా. ఆ మాట మంత్రిగారితో అని, చూపు మాత్రం గేటులో నిలబడ్డ గుమాస్తా వైపు చూశారు.

గుమాస్తా తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇది నా ఇల్లు సార్ అని నోరు తెరిస్తే, మరి రాయి నీ ఇంటికెలా వచ్చిందయ్యా అని అడుగుతారు. నోరు మూసుకుంటే ఇల్లు చరిత్రలో కలుస్తుంది. ఉద్యోగం వైపు మొగ్గి నోరు మూసుకున్నాడు.

"ఏ కాలం నాటిది?" అన్నారు మంత్రిగారు.

"పరిశోధన జరుగుతోంది సార్."

ఇంతలో అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "ఎవరూ? కరెంటు వాళ్లా?" అంది.

"ఈ పెద్దావిడ?"

"అప్పట్నించీ ఇక్కడే ఉన్నారు సార్."

మంత్రిగారు చేతులు జోడించారు. "నడిచే చరిత్ర!"

"నడవడం ఎక్కడ నాయనా, మోకాళ్లు పట్టేశాయి," అంది ఆవిడ. మర్నాడు పేపర్లో ఆ మాట ఫొటోతో సహా పడింది.

సోమవారం మేస్త్రి వచ్చాడు. అతని వెనకే పురాతన కట్టడాల ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. ఇన్‌స్పెక్టరు ఇల్లంతా తిరిగి, స్నానాలగదిలో కాసేపు నిలబడి రాసుకున్నాడు.

"బకెట్లు రెండు. మగ్గు ఒకటి, పిడి విరిగినది."

"అది మొన్న మా బావమరిది విరగ్గొట్టాడండీ. అతికిస్తాను."

"అతికించారంటే కేసు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి."

"పోనీ పెరట్లో చిన్న గది ఒకటి..."

"చారిత్రక కట్టడానికి ఒక్క ఇటుక చేర్చినా మూడేళ్లు, తీసినా మూడేళ్లు."

మేస్త్రి తాపీ సంచిలో వేసుకున్నాడు. "మూడేళ్లు ఖాళీ లేదు బాబూ, వేరే పనులు ఒప్పుకున్నా," అని వెళ్లిపోయాడు.

గుమాస్తా ఇన్‌స్పెక్టరుని పక్కకి తీసుకెళ్లాడు. "అయ్యా, ఇల్లు కట్టి పద్దెనిమిదేళ్లేనండీ. ప్లాను మా ఆఫీసులోనే ఉంది. చూపిస్తాను."

"మరి ఫలకం ఎలా వచ్చింది?"

గుమాస్తా నేల చూశాడు.

"చూశారా? కాగితం అబద్ధం చెబుతుందేమో గాని, రాయి చెప్పదు."

భార్యకి మాత్రం ఇదంతా నచ్చింది. "మా పెద్దక్కకి మూడంతస్తుల మేడ ఉంది. ఏం లాభం? ఫలకం ఉందా?" అని వీధి వీధంతా చెప్పి వచ్చింది. బావమరిదికి పర్యాటక శాఖవాళ్లు టోపీ ఇచ్చి గైడు ఉద్యోగం ఇచ్చారు. "రాజుగారు రాజ్యం గురించి గంటలు గంటలు ఆలోచించింది ఈ గదిలోనే," అని అతను స్నానాలగది తలుపు తీసి చూపించేవాడు. అనుభవం మీద చెప్పేవాడు కనక జనం నమ్మేవారు.

అయితే మూడు గంటలు బస్సులో కూచుని వచ్చినవాడికి ముందు కావలసింది చరిత్ర కాదు.

"ఒకసారి వాడుకోవచ్చా అండీ?" అని అడిగేవారు.

"దానికేం, లైనులో రండి!"

ఎండ ముదరకముందే చూసి పోదామని బస్సులు పొద్దున ఆరింటికే దిగేవి. గుమాస్తా లైనులో తొమ్మిదోవాడయ్యాడు. తరవాత పందొమ్మిదోవాడయ్యాడు. ఒక ఆదివారం ముప్పై ఏడోవాడు. ముందున్నాయన వెనక్కి తిరిగి, "మీరు ఏ ఊర్నించి వచ్చారండీ?" అని ఆప్యాయంగా అడిగాడు.

ఆఫీసుకి వెళ్లేసరికి పదకొండున్నర. కమిషనరుగారు పిలిచారు.

"మీ ఇంటికి వచ్చే పర్యాటకుల సంఖ్య చూస్తే గర్వంగా ఉందయ్యా! ఇదిగో, ఆలస్యానికి మెమో."

గుమాస్తా ఆయన కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. "సార్, నేను అడిగేది ఒక్కటే. ఇంకొక్క స్నానాలగది."

"నీకని రాయకు. పర్యాటకులకని రాయి. మనుషులకి అడిగితే ఏ ఫైలూ కదలదు."

రాశాడు. కదిలింది. మంత్రిగారు చలించిపోయి, గుమాస్తా పెరట్లో ఆరు గదుల 'పర్యాటక సౌకర్య సముదాయం' మంజూరు చేశారు. గుమాస్తా ఆర్డరు మూడుసార్లు చదువుకుని వంటింట్లోకి పరిగెత్తాడు.

"ఏమే! ఆరు! మనం ఉన్నది ఐదుగురం!"

"ఇటుక చేర్చకూడదన్నారుగా?" అంది భార్య.

ఆ చిక్కూ ఇంజినీరుగారు విప్పేశారు. ఇటుక చేర్చకూడదు గాని రాయి చేర్చొచ్చు. అదీ పాత రాయి అయితేనే కట్టడానికి నప్పుతుంది. పాత రాయి ఎక్కడ దొరుకుతుంది? పర్యాటకుల బస్సులు మళ్లడానికి పాత కోర్టు ఎలాగూ అడ్డంగా ఉంది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. ఫలకం ఊడదీస్తే అది చారిత్రకం కాదు కనక, కోర్టు కూల్చి గోడలు కట్టారు. చాలకపోతే గడియార స్తంభం దింపి అడ్డగోడలు లేపారు. జైలు రాళ్లు నేలకి పరిచారు. గుర్రాల తొట్టి నీళ్ల ట్యాంకు అయింది. మిగతావి మెట్లకీ పునాదులకీ సరిపోయాయి. విగ్రహాన్ని మాత్రం గౌరవంగా తెచ్చి వీధి మొదట్లో నిలబెట్టారు. ఇన్నేళ్లకి ఆ వేలు ఎటు చూపిస్తోందో జనానికి తెలిసింది. ఊడదీసిన పదకొండు ఫలకాలూ స్టోర్సుకి తిరిగొచ్చాయి. గుమాస్తా లెక్క చూసి రిజిస్టరులో ఎక్కించాడు. ఈసారి సరిపోయాయి.

కోర్టు గోడ కూలిన రోజు మాత్రం ఆయన గుండె కాస్త కలుక్కుమంది. ఆ కోర్టు అరుగు మీద కూచునే ఆయన తండ్రి ముప్పై ఏళ్లు అర్జీలు రాసి ఇంటిల్లిపాదినీ పోషించాడు. ఆ అరుగు రాయిని పలుగుతో లేపుతుంటే గుమాస్తా అక్కడే ఉన్నాడు. ఆపండి అనబోయాడు. అంతలో ఆరు తలుపులు కళ్లముందు మెదిలాయి. "మెల్లగా, పగలకుండా తియ్యండి," అన్నాడు.

ప్రారంభోత్సవం రోజున ఆయన తెల్లారకముందే లేచి, కొత్త సబ్బు విప్పి, భుజాన తువ్వాలు వేసుకుని రిబ్బను దగ్గర మొట్టమొదట నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్లలో ఆయన ఒక లైనులో ముందు నిలబడడం అదే మొదటిసారి.

మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. లోపలికి ఒక అడుగు వేసి, గోడ మీద చెయ్యి వేసి ఆగిపోయారు.

"ఈ రాళ్లు ఎన్నాళ్లవి?"

"రెండు వందల ఏళ్లవి సార్," అన్నారు ఇంజినీరుగారు గర్వంగా.

"ఊళ్లో ఇంత పాత రాతికట్టడం ఇంకేదైనా ఉందా?"

కమిషనరుగారు బాగా ఆలోచించారు. "ఇప్పుడైతే లేదు సార్."

మంత్రిగారు కండువాతో కళ్లొత్తుకున్నారు. "ఉన్న ఒక్కగానొక్క పురాతన రాతికట్టడంలో స్నానాలు చేస్తారా? మనం మనుషులమేనా?"

వచ్చినవాళ్లంతా తలలు దించుకున్నారు. ఆ రోజుకి మనుషులం కాదని అందరూ ఒప్పుకున్నట్టే ఉంది.

"ఫలకం తెప్పించండి."

స్టోర్సు గుమాస్తా అక్కడే ఉన్నాడు కదా, ఆయన్నే పరిగెత్తించారు. ఆయన తువ్వాలుతోనే వెళ్లి, ఒక ఫలకం తీసి, ఇష్యూ రిజిస్టరులో సంతకం చేయించుకుని తోపుడు బండి మీద తెచ్చి ఇచ్చాడు. ఆరు తలుపులకీ కలిపి బయట ఒక ఇనప గేటు పెట్టి తాళం వేశారు. లోపలికి ఎవరూ వెళ్లకూడదు. బయట నిలబడి చూసి తరించవచ్చు. తాళంచెవి ప్రభుత్వ ఆస్తి కనక, దాన్ని స్టోర్సు గుమాస్తా చేతికే ఇచ్చి రసీదు తీసుకున్నారు.

ఇది జరిగి నెల దాటింది. పర్యాటకులు రెట్టింపయ్యారు. ఇదివరకు ఒక కట్టడమే చూసేవారు, ఇప్పుడు రెండు చూస్తున్నారు. నిన్న పొద్దున గుమాస్తాగారు లైనులో అరవై రెండో మనిషి. ఆయన చొక్కా జేబులో ఆరు స్నానాలగదుల తాళంచెవి ఉంది. తీస్తే మూడేళ్లు. అసలు సంగతి చెప్పేస్తే ఉద్యోగం పోతుంది. ఇల్లు ఖాళీ చేసి పోదామంటే, నడిచే చరిత్రని కదిలించడానికి వీల్లేదని ఇన్‌స్పెక్టరు రాసి ఇచ్చాడు. పోనీ అత్తగారిని ఒక్కదాన్నే వదిలి పోదామంటే, అదీ వీల్లేదని భార్య నోటితోనే చెప్పింది.

పాఠక మహాశయులారా, మీలో పెద్దలున్నారు, లోకం చూసినవాళ్లున్నారు. ఈ పెద్దమనిషి ఏం చెయ్యాలో మీకేమైనా తోస్తే దయచేసి ఒక ముక్క రాసి పంపండి. పొద్దున ఆరులోపు అందేట్టు చూడండి. ఆరు దాటితే బస్సులొస్తాయి.