డాక్టరమ్మ నవ్వు మోతాదు

ఎన్నికల్లో ఆడా మగా సమానమే. ఇందులో ఎవరికీ అనుమానం రాకూడదని పార్టీ ఏకంగా ఒక సమానత్వ సంఘాన్నే వేసింది. సభ్యులంతా మగవాళ్లే (ఆడవాళ్లను వేస్తే పక్షపాతం అంటారని).

పురపాలక అధ్యక్ష పదవికి ఆ పార్టీ తరఫున నిలబడింది పశువుల డాక్టరమ్మ. మురుగు వచ్చి మంచినీళ్ల గొట్టంలో కలుస్తోందని, పశువులకీ పిల్లలకీ ఒకేసారి జబ్బు చేస్తోందని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. వినే నాథుడు లేకపోయేసరికి తానే పోటీకి దిగింది. గొట్టం ఎక్కడెక్కడ మార్చాలో పటం గీసుకుని మరీ పార్టీ ఆఫీసుకు వెళ్లింది. సంఘం కార్యదర్శి ఆ పటాన్ని ఎంతో మర్యాదగా మడిచి పక్కన పెట్టాడు.

“ఇది తర్వాత చూద్దాం మేడమ్. ముందు మీ నవ్వు సంగతి తేల్చాలి.”

సర్వే చేయించారట. ఆవిడ నవ్వితే పదవికి తగ్గ గాంభీర్యం లేదంటున్నారు, నవ్వకపోతే పొగరంటున్నారు. అందుచేత సంఘం మల్లగుల్లాలు పడి, నవ్వబోయి మానేసినట్టుండే ఒక చిరునవ్వును ఏకగ్రీవంగా ఆమోదించింది. గొంతు పెంచితే గయ్యాళి, తగ్గిస్తే చేతకానిది. కాబట్టి వినిపించీ వినిపించనట్టు మాట్లాడాలని మరో తీర్మానం చేసింది.

“మరి అవతలి పార్టీ నుంచి నిలబడ్డ కాంట్రాక్టరు గారో?” అంది డాక్టరమ్మ.

“ఆయనకేమండీ, మామూలుగా ఉంటే చాలు.”

ఇంటికి వెళ్లి అద్దం ముందు సాధన చేస్తుంటే, లెక్కల మాస్టారైన భర్త కంగారుగా వచ్చాడు.

“ఏమైంది? పన్ను నొప్పా?”

“కాదు, నాయకత్వం.”

టీవీ చర్చ రోజున డాక్టరమ్మ పిల్లల ఆసుపత్రి నుంచి నేరుగా వెళ్లింది. అక్కడ పక్క వీధి చాకలావిడ కూతురికి ఆ నీళ్ల వల్లే వాంతులు పట్టుకుని సెలైన్ ఎక్కిస్తున్నారు. యాంకర్ ముందుగా కాంట్రాక్టరును గొట్టాల గురించి అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, వాళ్లమ్మ నీళ్లు మోసిన రోజులు తలుచుకుని జేబురుమాలుతో కళ్లొత్తుకున్నాడు. ‘గుండె ఉన్న నాయకుడు’ అని తెర కింద అక్షరాలు పరుగెత్తాయి. తర్వాత యాంకర్ డాక్టరమ్మ వైపు తిరిగాడు.

“మేడమ్, మీరిలా ప్రచారంలో తిరుగుతుంటే ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు?”

“ఆకలేసినవాళ్లు.”

తెల్లారేసరికి ‘భర్తను పస్తులుంచిన అభ్యర్థి?’ అని వార్త (ప్రశ్న గుర్తు పెడితే అబద్ధం కాదు). మాస్టారు గుమ్మంలోకి వచ్చి, “నేను తిన్నానండీ బాబూ” అని చెప్పాడు. ఆ గొంతులో నీరసం ఉందని ముగ్గురు విశ్లేషకులు సాయంత్రం దాకా చర్చించారు. మాస్టారిది మొదటినుంచీ పీలగొంతన్న సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. “ఆయనకు వడ్డిస్తూ ఒక్క ఫొటో మేడమ్, అంతా సర్దుకుంటుంది” అని బతిమాలింది. డాక్టరమ్మ లేచి, విలేకరులను వెంటబెట్టుకుని చాకలావిడ ఇంటి కుళాయి దగ్గరికి వెళ్లింది. గ్లాసు నిండా పట్టి కెమెరా ముందు పెట్టింది.

“నా వంట సంగతి తర్వాత! ముందు ఈ నీళ్లు చూడండి. ఇవి తాగే పసిపిల్ల ఆసుపత్రిలో పడి ఉంది. మీలో ఎవరు తాగుతారు? రండి!”

గొంతు వీధి చివరిదాకా వినపడింది. చాలా రోజుల తర్వాత తన మొహం తన సొంతమైనట్టు అనిపించింది ఆవిడకు. రాత్రి వార్తల్లో ఆ గ్లాసు కనపడలేదు. చెదిరిన జుట్టు మాత్రం వచ్చింది, ‘అదుపు తప్పిన అభ్యర్థి’ అన్న శీర్షికతో.

ఆవిడ ఓడిపోయింది. పిల్ల కోలుకుంది. కాంట్రాక్టరు ప్రమాణ స్వీకారంలోనూ కళ్లొత్తుకున్నాడు. గొట్టం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. డాక్టరమ్మ మళ్లీ పశువుల ఆసుపత్రిలో పనికి చేరింది. అక్కడి రోగులెవరూ ఆవిడ నవ్వు గురించి ఫిర్యాదు చేయలేదు.

ఓటమికి కారణం తెలుసుకుందామని సంఘం మరో సర్వే చేయించింది. ఓటర్లు చాలా ఉదారంగా జవాబిచ్చారు: “ఆడమనిషి రావాలనే మా కోరిక. ఈవిడ కాకుండా ఎవరైనా పర్లేదు.” ప్రజాభీష్టాన్ని సంఘం శిరసావహించింది. వచ్చే ఎన్నికల్లోనూ మహిళనే నిలబెట్టాలని, అలాంటావిడ దొరికేదాకా తాత్కాలికంగా కార్యదర్శి గారు పోటీ చేయాలని తీర్మానించింది.